బావగారు ఇచ్చిన ఒకే ఒక్క హింటు

పొద్దున్న కాఫీ తాగి పేపరు మడిచేసరికి మా ఆవిడ వీధి అరుగు మీద కూర్చుని ఫోనులో మాటల ఆట ఆడుకుంటోంది. గళ్ళలో అక్షరాలు నింపే ఆట. ఈ మధ్య మా వీధిలో ఆడవాళ్ళందరికీ ఇదే కాలక్షేపం. ఎక్కడో చిక్కుపడినట్టుంది, మొహం ముడుచుకుంది. తెర మీద ఒక మూల పసుప్పచ్చ బల్బు బొమ్మ ఉంది. దాన్ని నొక్కితే హింటు ఇస్తుందట, కాని ముందు ఒక ప్రకటన మొత్తం చూడాలట. ఆవిడ ఓపిగ్గా ఏదో బట్టల సబ్బు ప్రకటన చూస్తోంది. "హింటుకి కూడా కూలి పుచ్చుకుంటోందే ఇది!" అన్నాను. ఆవిడ తలెత్తకుండానే, "అందరూ మీలా ఉంటారేంటండీ? మీకు అడక్కుండానే హింట్లు కనిపిస్తాయి. లేని చోట కూడా కనిపిస్తాయి. మాబోటి వాళ్ళం బల్బు నొక్కుకోవాలి" అంది. అనేసి, ఫోను మీద వేలు అలాగే ఉంచి పక్కింటి గోడ వైపు చూసింది. నేనూ చూశాను. 

హింటు అనే మాట మా కోనసీమలోకి ఎప్పుడు వచ్చిందో తెలియదు గాని, వచ్చాక వెనక్కి వెళ్ళలేదు. పెళ్ళి సంబంధాలు చూసే ఆయన "అబ్బాయి తరఫు వాళ్ళు ఓ హింటు వదిలేరండీ" అంటాడు. ఆ హింటు ఏమిటో ఆయన చెప్పడు, మనం అడగం. ఆఫీసులో పని జరగని మనిషిని చూసి "ఎన్ని హింట్లిచ్చినా ఆయనకి ఎక్కట్లేదండీ" అని నవ్వుకుంటారు. డాక్టరు గారు రోగి కొడుకుని బయటికి పిలిచి "మీ వాళ్ళందర్నీ ఓసారి వచ్చి చూసెళ్ళమనండి" అంటే, ఆ రాత్రి ఇంట్లో "డాక్టరు గారు హింటిచ్చేసేరు" అనుకుంటారు. తెలుగులో మాటలు లేక కాదు. సూచన అంటే మంచి కోరి చెప్పేది. సైగ అంటే కంటితోనో చేత్తోనో చేసేది. ఎత్తిపొడుపు అంటే గుచ్చుకోవాలని అనేది. చూచాయగా చెప్పడం అంటే పూర్తిగా చెప్పడానికి నోరు రానప్పుడు చెప్పేది. ఈ నాలుగింటిలో ఏది అన్నది తేల్చకుండా వదిలెయ్యడానికి హింటు అనే మాట బాగా పనికొస్తుంది. చెప్పినవాడు తరవాత నేను చెప్పలేదనవచ్చు. విన్నవాడు నాకు వినిపించిందనవచ్చు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో ఏ సాక్షీ చెప్పలేడు.

పైగా మా వైపు మాట నేరుగా వెళ్ళడం తక్కువ. ఇంటికొచ్చిన మనిషి ఇక లేస్తే బాగుండుననుకుంటే "ఎండ ముదిరిపోతుందేమోనండీ" అంటాం. వాళ్ళ కొబ్బరికాయలు కావాలంటే "మీ ఉత్తరపు చెట్టు భలే కాసిందండీ" అంటాం. కుదరదని చెప్పవలసినప్పుడు "చూద్దామండీ" అంటాం. అడిగినవాడు "ఆయ్" అని లేచి వెళ్ళిపోతాడు. సంగతి ఇద్దరికీ తెలిసింది, ఎవరి మర్యాదా పోలేదు. ఇది మంచి అలవాటే. కాని ఇందులో పుట్టి పెరిగిన మనిషికి అనుమానం కూడా ఉంటే, వాడికి లోకంలో ఏ మాటా ఉత్త మాటలా వినపడదు.

నా వృత్తి కూడా నన్ను చెడగొట్టింది. జీవితమంతా కొత్తపేటలో దస్తావేజులు రాశాను. అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు, సాక్షులు నా బల్ల చుట్టూ కూర్చునేవారు. అన్నదమ్ములు భుజాల మీద చేతులు వేసుకుని వచ్చేవారు, తీరా పొలానికి నాలుగు దిక్కుల హద్దులు రాసేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. ఎవరు మాటిమాటికీ మంచినీళ్ళు అడిగారు, ఎవరు బయటికెళ్ళి ఫోను మాట్లాడి వచ్చారు, నేను చదివి వినిపిస్తుంటే ఏ మాట దగ్గర ఎవరు దగ్గారు, ఇవన్నీ చూసి లోపలి సంగతి పసిగట్టడం నాకు అలవాటైపోయింది. చాలాసార్లు నా ఊహ సరిపోయేది కూడా. సరిపోయినవి గుర్తుపెట్టుకున్నాను, తప్పినవి మరిచిపోయాను. మా తోడల్లుడి కూతురి పెళ్ళిలో నన్ను భోజనాల మొదటి బంతిలో కూర్చోబెట్టకుండా ఆపారని ఏడాది పాటు వాళ్ళ గుమ్మం తొక్కలేదు. మొదటి బంతిలో పప్పు మాడిందనీ, కావలసిన మనిషినని నన్ను రెండో బంతికి ఆపారనీ తరవాత తెలిసింది. తెలిసి సిగ్గుపడ్డాను, బుద్ధి మాత్రం తెచ్చుకోలేదు.

ఇలాంటి నాకు దేవుడిచ్చిన బావగారు హింటు అంటే ఏమిటో తెలియని మనిషి. మా పెద్దక్క భర్త. పలివెలలో మా ఇంటిని ఆనుకునే వాళ్ళ ఇల్లు. మధ్యలో భుజాలెత్తు గోడ, గోడ చివర మనిషి పట్టేటంత సందు. కొబ్బరి దింపులు తీయించి, కాయలు ఒలిపించి లారీలకి ఎత్తించేవారు. ఆయనకి ఆకలేస్తే ఆకలేస్తోందనేవారు, కూర బాగోకపోతే బాగోలేదనేవారు. మా అబ్బాయి పెళ్ళి శుభలేఖ ఎంతో ముచ్చటపడి అచ్చు వేయించి చూపిస్తే, "అక్షరాలు మరీ చిన్నవండీ, నాకు ఆనటం లేదు" అని తిరిగి ఇచ్చేశారు. సంబంధం నచ్చలేదేమోనని నేను వారం రోజులు నిద్రపోలేదు. నేను పని మానుకున్న రోజున నాకొక టార్చిలైటు బహుమతిగా ఇచ్చారు. రోజూ పేకాటకి కొత్తపేట వెళ్ళి ఆలస్యంగా వస్తున్నానని ఎత్తిపొడుస్తున్నారా, కళ్ళు మందగించాయని వేళాకోళమా అని నేను తెగ మథనపడి, చివరికి ఉండబట్టలేక, "టార్చిలైటే ఎందుకిచ్చేరు బావగారూ?" అని అడిగాను. "మీ వైపు వీధిలైటు వెలగట్లేదు కదండీ" అన్నారు. ఇంత సూటిగా మాట్లాడే మనిషి మా ప్రాంతంలో ఉండడం నాకు నమ్మశక్యం కాలేదు. పైకి సూటిగా కనిపించడమే ఆయన ఎత్తు అనుకున్నాను.

ఆ గోడ సందులోంచి మా రెండు ఇళ్ళ మధ్యా గిన్నెలు తిరిగేవి. మా ఆవిడ ఏది వండినా ముందు అక్కకి ఒక గిన్నె వెళ్ళేది. ఆ గిన్నె ఖాళీగా తిరిగి రావడం మా వైపు లేదు. అరిసెలో, మాగాయ బద్దలో, ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారో, అదీ లేకపోతే రెండు కరివేపాకు రెబ్బలో వేసి పంపాలి. ఖాళీ గిన్నె ఇవ్వడమంటే మీతో మాకు ఇంక పనిలేదని చెప్పడమే. నోటితో ఎవరూ అలా అనరు కనక గిన్నె అంటుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే ప్రతి కోడలికీ అత్తగారు చెప్పే మొదటి నాలుగు విషయాల్లో ఇదొకటి.

కొన్నేళ్ళ కిందట, మాఘమాసం వెళ్ళి ఎండ చురుక్కుమనే రోజుల్లో, మా ఆవిడ పనసపొట్టు కూర వండి ఆవ పెట్టి అక్కకి పంపింది. మర్నాడు గిన్నె తిరిగి రాలేదు. ఆ మర్నాడు బావగారే తెచ్చారు. ఆయన ఎప్పుడూ గిన్నెలు తెచ్చే మనిషి కాదు. తోమి, తుడిచి, ఎండలో మెరుస్తున్న గిన్నె. గోడ మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగారు. చేతికి ఇవ్వలేదు. నేను లోపల చూశాను. కరివేపాకు రెబ్బ కూడా లేదు.

"లోపలికి రండి బావగారూ, కాఫీ తాగుదురుగాని" అన్నాను.

"వద్దండీ. కొన్నాళ్ళు మా ఇంటికి ఏమీ పంపొద్దని మీ ఆవిడతో చెప్పండి. మేమూ పంపం."

"ఏమైందండీ?"

ఆయన నోరు తెరిచారు. గిన్నె వైపు చూశారు, నా వైపు చూశారు. ఏదో నేను అంటానని ఆగినట్టు కాసేపు ఆగి, "ఏం లేదండీ" అని వెళ్ళిపోయారు. బావగారి నోట 'ఏం లేదు' అనే మాట నేను అంతకు ముందు వినలేదు.

మా ఆవిడ గిన్నె చూసి, "వదినగారికి ఒంట్లో ఎలా ఉందో ఏంటో, వెళ్ళి అడిగొస్తానుండండి" అని చెంగు సర్దుకుంది. నేను వెళ్ళనివ్వలేదు. "అడిగితే చెప్పేవాళ్ళయితే గిన్నె ఖాళీగా ఎందుకు పంపుతారే? ఇది హింటు. మనతో తెగతెంపులని హింటు" అన్నాను. "అక్కగారితో తెగతెంపులేంటండీ, చోద్యం కాకపోతే! అడిగితే పోలా?" అంది. గట్టిగా కసిరాను. ఆ మాటకి ఆవిడ రెండు రోజులు నాకు అన్నం పెట్టి పక్కన కూర్చోలేదు. అది ఏ హింటూ కాదు, ఉత్త కోపం. అదొక్కటే నాకు సరిగ్గా అర్థమయింది.

ఆ రోజు నుంచి గోడ అవతల ఏం జరిగినా నా కళ్ళు అక్కడే. బావగారు గడ్డం గీసుకోవడం మానేశారు. సోమవారం వచ్చిందంటే సైకిలెక్కి గుడికి వెళ్ళే మనిషి ఇంట్లోనే కూర్చున్నారు. అక్క మొహంలో నవ్వు లేదు, నన్ను చూస్తే దొడ్లోంచి లోపలికి వెళ్ళిపోయేది. అమలాపురం నుంచి ఇద్దరు మనుషులు కారులో వచ్చారు. ఒకాయన చేతిలో ప్లాస్టిక్ ఫైలు ఉంది. ఆ ఫైలు లోపల ఫొటో అంటించిన కాగితాలు నాకు గోడ మీంచి కనపడ్డాయి. ఫొటో అంటించిన కాగితాలంటే దస్తావేజులు రాసేవాడికి ఒకటే అర్థం. నేను సందు దగ్గరికి వెళ్ళేసరికి ముగ్గురూ మాట ఆపేశారు. నాలుగు రోజుల తరవాత వాళ్ళే మళ్ళీ వచ్చారు. ఈసారి నేను తెలివిగా స్టూలు వేసుకుని, ఆకు కోసే వంకతో గోడ పక్క కరివేపాకు మొక్క దగ్గర నిలబడ్డాను. మా ఆవిడ వెనకనుంచి వచ్చి, "ఆ మొక్కకి ఇంకో రెండాకులు మిగిల్చండి, మనం కూడా గిన్నెలో వేసి పంపాలి గదా ఎవరికైనా" అంది. స్టూలు కదిలి పడబోయి గోడ పట్టుకున్నాను. అవతల బావగారు ఫోనులో మాట్లాడుతున్నారు. గొంతు బాగా తగ్గించారు, అయినా వినపడింది.

"ఆవిడ సంతకం లేకుండా అవదంటారా? ఆవిడకి తెలీకుండా ఎలా పెట్టించమంటారండీ? ఆయ్. ఆయ్. ఇక్కడెవరికీ తెలియనివ్వలేదండీ."

నాకు అంతా తేటతెల్లమైపోయింది. బావగారికి ఒక తమ్ముడు ఉండేవాడు, పోయాడు. అతని భార్య కొత్తపేటలో మిషను మీద జాకెట్లు కుట్టుకుంటూ బతుకుతోంది. ఒక్కడే కొడుకు, మస్కట్‌లో పనికి వెళ్ళాడు. అన్నదమ్ములిద్దరి కొబ్బరితోట ఇంకా విడగొట్టుకోలేదు. అంటే బావగారు ఆ తోటని ఎవరికో అమ్మేస్తున్నారు. తమ్ముడి భార్య సంతకం మాయ చేసి పెట్టించబోతున్నారు. దస్తావేజులు రాసేవాణ్ణి కనక నాకు తెలిసిపోతుందని మా ఇంటితో రాకపోకలు తెంచేశారు. గడ్డం, గుడి, ఫైలు, కారు, గిన్నె అన్నీ ఒకదానికొకటి ఎంత చక్కగా అతికాయంటే, నా తెలివికి నాకే ముచ్చటేసింది. ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. వాళ్ళు నా దగ్గర ఏదో దాస్తున్నారని నేను అనుమానించింది నిజమే. అనుమానం నిజమైనంత మాత్రాన అనుమానించినవాడు తెలివైనవాడు కాదని తెలుసుకోవడానికి నాకు ఎంతో కాలం పట్టలేదు.

బావగారి మరదలు నాకు చెల్లెలి వరస. దిక్కులేని మనిషికి అన్యాయం జరుగుతూంటే చూస్తూ కూర్చోలేనని నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజం ఉంది. మిగతాది, బావగారి సూటితనం నలుగురిలో బయటపడాలనే కుతి. నేరుగా చెబితే రేపు నా మీదికి వస్తుంది. అందుకని చెల్లెమ్మకి ఒక హింటు ఇచ్చి వద్దామని స్కూటరు తీశాను.

నేను వెళ్ళేసరికి ఆవిడ వరండాలో మిషను తొక్కుతోంది. "రండి అన్నయ్యగారూ, కూచోండి, వదినగారు బాగున్నారా?" అంటూనే కుడుతోంది. మంచినీళ్ళు ఇచ్చి మళ్ళీ మిషను దగ్గర కూర్చుంది. మా అబ్బాయి ఎలా ఉన్నాడని నేను అడిగాను. వాళ్ళబ్బాయిని మేమంతా మా అబ్బాయి అనే అంటాం. "వాడి ఫోను పాడైందటండీ. ఎక్కడో ఎడారిలో పనికి పంపేరట, అక్కడ సిగ్నలుండదని బావగారు కనుక్కుని చెప్పేరు. కొత్త ఫోను కొనుక్కునేదాకా ఆగాలి" అంది. నేను సరేనని నా పనిలోకి దిగాను.

"మీ బావగారింట్లో ఏవన్నా విశేషమా చెల్లెమ్మా?"

"నాకేం తెలీదండీ. ఏం?"

"అబ్బే, ఏం లేదు. అమలాపురం నించి కారులో మనుషులు వస్తున్నారు. చేతిలో ఫైలూ అదీను. నన్ను చూస్తే మాట ఆపేస్తున్నారు. నీకేమన్నా తెలుసేమోనని."

"బావగారి యాపారం మనుషులేమోనండీ" అంది. మిషను ఆగలేదు.

"అవునేమో. కాని బావగారు ఈమధ్య గుడికి కూడా వెళ్ళట్లేదమ్మా. సోమవారం కూడా. గడ్డం పెంచేరు."

మిషను నెమ్మదించింది. "గడ్డం పెంచేరాండీ?"

"ఆయ్. అక్కయితే మనిషే కనపట్టం లేదు. మొన్న మీ వదిన కూర పంపితే గిన్నె ఖాళీగా తిప్పి పంపేరు. చేతికివ్వకుండా గోడ మీద పెట్టి వెనక్కెళ్ళేరు. కొన్నాళ్ళు ఇచ్చిపుచ్చుకోడాలు వద్దన్నారు. నేనేమీ అనటం లేదు చెల్లెమ్మా, చూసిందే చెబుతున్నాను. ఏ కాగితం మీదన్నా సంతకం పెట్టమంటే మాత్రం నాకో మాట చెప్పు."

మిషను ఆగిపోయింది. ఆవిడ నా మొహం చూడలేదు. కుడుతున్న జాకెట్టు చెయ్యి మీద సూది దిగినచోటే చూస్తోంది. "ఎప్పట్నించండీ ఇదంతా?" అంది. పదిరోజుల పైమాటేనన్నాను. పెదవులు కదిలాయి, రోజులు లెక్కపెట్టుకుంటున్నట్టు. తరవాత జాకెట్టు విడదీసి, మడతపెట్టి, దారం తెంపి, కత్తెరని దాని డబ్బాలో పెట్టి మూత పెట్టింది. అన్నీ ఎంతో నెమ్మదిగా. "అన్నయ్యగారూ, నన్ను మీ బండి మీద బావగారింటికి తీసికెళ్తారా?" అంది.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. హింటు పనిచేసింది. ఇంత సన్నగా చెప్పినా పట్టుకుంది, తెలివైన మనిషి అనుకున్నాను. తలుపు తాళం వేసి ఆవిడ వెనక కూర్చుంది. కాలవగట్టు మీద గాలి చల్లగా ఉంది. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. కోపం దాచుకుంటోందనుకున్నాను. బావగారిని ఏమడుగుతుందో, ఆయన ఏం తడబడతారో ఊహించుకుంటూ నడిపాను.

బావగారు అరుగు మీద కొబ్బరి పీచు తాడు ముడి విప్పుతూ కూర్చున్నారు. ఆవిడ బండి దిగి, చెప్పులు విడిచి, నేరుగా ఆయన ముందుకి వెళ్ళి నిలబడింది. ఆయన చేతిలో తాడు జారిపోయింది.

"నాకెందుకు చెప్పలేదు బావగారూ?" అంది. గట్టిగా కూడా అనలేదు.

ఆయన ఆవిడని చూశారు. వెనక స్కూటరు స్టాండు వేస్తున్న నన్ను చూశారు. "మీరు చెప్పేరా?" అన్నారు. "నేనేం చెప్పానండీ!" అన్నాను. ఇంకా దస్తావేజు ధోరణిలోనే ఉన్నాను. ఆలోగా అక్క లోపలినుంచి పరిగెత్తుకొచ్చి తోటికోడల్ని రెండు చేతులా పట్టుకుంది. అప్పుడు చెల్లెమ్మ నోట్లోంచి వచ్చిన అరుపు విన్నాక నాకు అర్థమయింది. వీధిలో అందరికన్నా ఆఖరున అర్థమయింది.

పిల్లాడు మస్కట్‌లో, గదిలో పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. కూడా ఉన్నవాళ్ళు బావగారికి ఫోను చేశారు. శవాన్ని ఇక్కడికి తెప్పించడానికి చాలా రోజులు పడుతుందన్నారు. తల్లికి గుండెజబ్బు, అంతకు ముందే ఒకసారి ఆసుపత్రిలో పెట్టారు. శవం వచ్చే రోజున మండపేట నుంచి ఆవిడ అన్నగారినీ, డాక్టరునూ దగ్గర పెట్టుకుని చెప్పాలని, అంతదాకా ఎదురుచూపుల నరకం ఆవిడకి వద్దని అనుకున్నారు. కాని దాయాదులకి విన్న నిమిషం నుంచీ మైలే. మా అక్క ఆ పట్టింపు ఉన్న మనిషి. మైల ఇంట్లోంచి ఏ వంటా, తినే ఏ వస్తువూ ఇంకొకరి ఇంటికి పంపకూడదు, ఎవరినీ తాకకూడదు. గడ్డం తీయకూడదు, గుడికి వెళ్ళకూడదు. ఫైలు పట్టుకొచ్చిన మనిషి గల్ఫ్ నుంచి శవాలు తెప్పించే కాగితాల పని తెలిసినవాడు. తల్లి సంతకం కావాలన్నది అందుకు. ఇంట్లో చావు జరిగితే మా వైపు కనిపించే గుర్తులన్నీ, ఒక్కటి తప్పకుండా, నా కళ్ళ ముందు రోజూ ఉన్నాయి. ఒకటొకటే నేనే ఏరుకుని, తీసుకెళ్ళి, ఆ తల్లి మిషను మీద పెట్టాను. ఆవిడకి క్షణం పట్టలేదు.

అక్క ఆ సాయంత్రం నాతో ఒక మాట అంది. "ఒరేయ్, గోడ మీద బల్లి అరిచినా నీ గురించే అనుకుంటావు. మా గుమ్మంలో చావుంటే నీకు కనపళ్ళేదట్రా?" అంతకు మించి ఏ పెద్దమనిషీ నన్ను తిట్టలేడు. "నాకు ముందే చెప్పి ఉండచ్చు కదే" అన్నాను. "చెప్పనిచ్చేవాడివా? రోజూ ఆవిడ వాకిట్లోంచే వెళ్తావు. నీ మొహంలో మాట దాగదు" అంది.

శవం వచ్చేదాకా చెల్లెమ్మ అక్కా వాళ్ళ వరండాలోనే ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుంది. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. కారు చప్పుడయితే లేచి నిలబడేది. తప్పించాలనుకున్న ఎదురుచూపు అంతా ఆవిడ పడింది, నా వల్ల. ఆ కాగితాలు నేనే నింపాను. ఎంతోమంది ఆస్తులకి హద్దులు రాసిన చేత్తో పిల్లాడి పేరు, తండ్రి పేరు, ఊరు రాశాను. ఆవిడ సంతకం పెట్టింది.  

బావగారు నన్ను ఏమీ అనలేదు. కర్మకాండలన్నీ అయ్యాక గోడ దగ్గర ఒకరోజు నేనే ఆపాను. క్షమించమని ఎలా అడగాలో తెలియక, "నాకు అర్థం కాలేదు బావగారూ" అన్నాను. ఆయన గోడ మీద అరచెయ్యి ఆనించి, "నాకు అబద్ధం రాదండీ. నిజం చెప్పడానికి లేదు. గిన్నె ఖాళీగా పెడితే మీకు తెలిసిపోతుందనుకున్నాను. మీకు ఇలాంటివి బాగా తెలుస్తాయి కదా అని" అన్నారు. అందులో వెటకారం లేదు. జన్మలో ఒక్కసారి ఆయన ఒక హింటు ఇచ్చారు, ఊళ్ళో అందరికన్నా బాగా అర్థం చేసుకునేవాణ్ణని ఏరి నాకే ఇచ్చారు. ఆ నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

ఆ తరవాత అనుమానించడం మానేశానని చెబితే అబద్ధం. అలవాటు అలా పోదు. ఇప్పుడు ఎవరైనా తేడాగా కనిపిస్తే కథ అల్లుకునే ముందు వెళ్ళి అడుగుతున్నాను. చాలామందికి అది మోటుగా అనిపిస్తోంది. మా తోడల్లుడయితే, "మీరు కూడా మీ బావగారిలా తయారయ్యేరేంటండీ" అన్నాడు.

చెల్లెమ్మ మళ్ళీ మిషను తొక్కుతోంది. పిల్లాడి సంవత్సరీకం అయ్యాక ఒకరోజు మా ఆవిడ జాకెట్లు తీసుకుని నేనే వెళ్ళాను. ఆవిడ గుడ్డ కొలుస్తూ, ఏ సందర్భమూ లేకుండా, "ఆవేళ బండి మీద మీరు కూనిరాగం తీసేరండీ" అంది.

"నేనా?"

"ఆయ్. కాలవగట్టు ఎక్కిన కాణ్ణించీ. మిషను దగ్గర నాకంతా తెలిసిపోయిందండీ. కాని మీరలా పాడుతూంటే, నిజంగా వాడికేమన్నా అయితే అన్నయ్యగారు ఇలా పాడతారా, నేనే ఏదో పిచ్చిగా అనుకుంటున్నానేమో అనిపించింది. మీ ఊరి వంతెన దిగేదాకా అలాగే అనుకున్నానండీ."

నాకు పాడినట్టు గుర్తు లేదు. అలవాటు కొద్దీ ఆ మాట వెనక ఏముందోనని వెతికాను. ఇది ఎత్తిపొడుపా, క్షమించానని చెప్పడమా? ఆవిడ మొహంలోకి చూశాను. దారం పంట కొరికి సూదిలోకి ఎక్కిస్తోంది, అంతే. ఎదుటి మనిషి అన్నదాన్ని అన్నట్టుగా పుచ్చుకోవడం నాకు అదే మొదటిసారి.

కొత్తపేట నుంచి మా ఊరు ఎంతో దూరం లేదు. ఆ కాసేపూ ఆవిడకి కొడుకు ఉన్నాడు. ఆ రోజు నేను బండి చాలా తొందరగా నడిపాను.